గోదారి చెప్పే వస్తుంది

భూకంపం చెప్పి రాదు. పిడుగు చెప్పి పడదు. గోదావరి వరద మాత్రం చెప్పే వస్తుంది. ప్రాణహిత పొంగితే కాళేశ్వరం దగ్గర తెలుస్తుంది. ఇంద్రావతి కలిశాక పేరూరులో తెలుస్తుంది, ఆ తర్వాత ఏటూరునాగారంలో తెలుస్తుంది. కేంద్ర జల సంఘం వాళ్ళు నది పొడవునా కొలబద్దలు పెట్టి, వరద రోజుల్లో గంటగంటకూ నీటిమట్టం రాసుకుంటారు. అక్కడ పెరిగిన నీరు మా రేవుకు చేరేలోగా సర్దుకోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది. అంటే ఊరికి ముందే తెలుసు. మండలానికి తెలుసు. జిల్లాకు తెలుసు. హైదరాబాదుకూ తెలుసు. ఇంతమందికి ముందుగా తెలిసిన ఆపదలో సాయం ఎందుకు ఆలస్యమవుతోంది? ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

మాది పర్ణశాల. దుమ్ముగూడెం మండలం, భద్రాచలం నుంచి చర్ల వెళ్ళే దారిలో గోదావరి ఒడ్డున, భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్లు. ఈ మండలంలోనే బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. భద్రాద్రి రాముణ్ణి చూడ్డానికి వచ్చినవాళ్ళు చాలామంది మా ఊరికీ వచ్చి పోతారు. సీతమ్మ స్నానమాడిందని చెప్పుకునే సీతవాగు, ఆమె నారచీరలు ఆరేసుకుందని చెప్పుకునే బండలు, గుడి ముందు బొమ్మలూ పూసల దండలూ అమ్మే దుకాణాలు, యాత్రికులకు తెలిసిన పర్ణశాల ఇది. వానాకాలంలో పత్రికల్లో ఒక వార్త దాదాపు ఏటా వస్తుంది, నారచీరల ప్రాంతం నీట మునిగిందని. దూరాన ఉండి చదివేవాళ్ళకు అది పుణ్యక్షేత్రం వార్త. మాకు దాని అర్థం వేరు. గోదావరి నిండి వాగులోకి ఎగదన్నుతోంది. ఇక నీళ్ళు ఊరి ముందు నుంచే కాదు, పక్క నుంచీ వస్తాయి. పొలాల దారి మూసుకుపోతుంది. పశువులను తోలుకోవాలంటే ఇప్పుడే తోలుకోవాలి. తిండిగింజలు అటక ఎక్కించాలంటే ఇప్పుడే ఎక్కించాలి.

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. రేడియోలో మీరంతా వినే లెక్క ఇదే. ఇందులో బయటివాళ్ళకు తట్టని చిక్కు ఒకటుంది. నది ముందు మా ఊరు దాటి, దుమ్ముగూడెం దగ్గర బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి ఆనకట్ట దాటి, ఆ తర్వాతే భద్రాచలం చేరుతుంది. అక్కడ మట్టం పెరిగిందని ప్రకటన వెలువడేసరికి ఆ నీళ్ళు మమ్మల్ని దాటి పోయి ఉంటాయి. ఏ మట్టానికి ఏ ఊరి రోడ్డు మునుగుతుందో అధికారుల దగ్గర జాబితా ఉంటుంది, కాదనను. కానీ ఏ మట్టానికి ఏ ఇంటి గుమ్మం తడుస్తుంది, ఏ గూడెం నాలుగు వైపులా నీళ్ళ మధ్య చిక్కుతుంది అన్నది ముసలివాళ్ళ జ్ఞాపకంలోనే ఉంది. వాళ్ళు పోతే ఆ లెక్కా వాళ్ళతోనే పోతుంది. పంచాయతీ గోడ మీద ఎర్ర రంగుతో నాలుగు గీతలు గీసి, గీత పక్కన సంవత్సరం రాయడానికి పెద్ద నిధులేమీ అక్కరలేదు.

2022 జూలై సంగతి తీసుకుందాం. మా పెద్ద వరదలు సాధారణంగా ఆగస్టువి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 1990 ఆగస్టులో 70.8, 2006 ఆగస్టులో 66.9. 2022లో మాత్రం జూలై రెండో వారంలోనే ముంచుకొచ్చింది. 11వ తేదీన మూడో హెచ్చరిక దాటింది. మధ్యలో కాస్త తగ్గింది. గండం గడిచిందనుకున్నవాళ్ళు ఉన్నారు. మళ్ళీ పెరిగి, 16వ తేదీకి 71.3 అడుగులకు చేరింది. ఎగువన కడెం ప్రాజెక్టు నిలుస్తుందా లేదా అని రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టిన రోజులవి. భద్రాచలం వంతెన మీద రాకపోకలు ఆపేశారు. జాతీయ విపత్తు దళం వచ్చింది, సైన్యం వచ్చింది. పట్టణంలో కరకట్ట నిలబడింది గానీ, కట్ట లోపలి నీరు బయటికి పోయే దారిలేక, తూముల దగ్గర లీకులతో, రామాలయం పరిసరాలూ విస్టా కాంప్లెక్సూ కాలనీలూ మునిగాయి. నీరు తోడే మోటార్లు ఎప్పుడు సిద్ధంగా ఉండాలో, తూముల తలుపులు ఎప్పుడు బాగుచేసుకోవాలో ఎండాకాలంలోనే తెలియని విషయమా?

మా వైపు సంగతి ఇంకొకటి. తూరుబాక దగ్గర రోడ్డు మీదికి నీళ్ళెక్కితే భద్రాచలానికీ మాకూ దారి తెగిపోయినట్టే. ఎగువన చర్ల వైపు తాలిపేరు గేట్లెత్తితే అటు వాగులూ వంకలూ నిండుతాయి. వెనక అడవి, అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. కరెంటు పోతుంది. సెల్ టవర్ కాసేపు బ్యాటరీ మీద నడిచి ఆగిపోతుంది. ఆ తర్వాత ఊరికి ఉన్నది ఊరే. పడవ ఎవరిదంటే చేపలు పట్టేవాళ్ళది. బియ్యం ఎవరివంటే ఎత్తున ఉన్న ఇళ్ళవాళ్ళవి. వంట ఎవరు చేశారంటే ఎవరింట్లో పొయ్యి తడవలేదో వాళ్ళు. ప్రభుత్వం రాలేదని నేను అనడం లేదు. వచ్చింది. జనాన్ని ఒడ్డున పడేసింది, చాలా ప్రాణాలు నిలిపింది. ఆ పని చేసిన పోలీసులకూ, విద్యుత్ సిబ్బందికీ, పారిశుధ్య కార్మికులకూ, రాత్రంతా నడుము లోతు నీళ్ళలో నిలబడ్డ యువకులకూ మేం రుణపడి ఉన్నాం. నా ఫిర్యాదు వాళ్ళ మీద కాదు. రోడ్డు తెగుతుందని ఏటా తెలిసిన చోట, రోడ్డు తెగిన తర్వాతే పడవ కోసం ఫోన్లు చేయాల్సి రావడం మీద.

పునరావాస కేంద్రం అంటే బడి. నేను పనిచేసిన బడుల్లో ఇలా జనం వచ్చి తలదాచుకోవడం చూశాను. తరగతి గదుల్లో బల్లలు ఒక పక్కకు నెట్టి, తాటాకు చాపలు పరిచి, ఒక్కో గదిలో నాలుగైదు కుటుంబాలు సర్దుకుంటాయి. అన్నం వస్తుంది, ఆలస్యంగానైనా వస్తుంది. రానివి వేరే ఉన్నాయి. ఆడపిల్లలకు మరుగు ఉండదు. షుగరు మందులూ బీపీ మాత్రలూ ఇంట్లోనే నీళ్ళపాలైనవాళ్ళకు మళ్ళీ చీటీ రాసే డాక్టరు రెండో రోజుకో మూడో రోజుకో వస్తాడు. చంటిపిల్లలకు పాలు ఉండవు. పశువులకు మేత సంగతి అడిగే నాథుడు ఉండడు, మేకల కోసమే ఇల్లు వదిలి రానివాళ్ళు మా గూడేల్లో ఎంతమందో. తీరప్రాంతంలో 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు. ఒడిశా 1999 తుఫానులో వేలమందిని పోగొట్టుకుంది. ఆ తర్వాత ప్రత్యేక సంస్థ పెట్టుకుంది, ఊరూరా షెల్టర్లు కట్టుకుంది, ఊరి యువకులకు తర్ఫీదు ఇచ్చింది. 2013లో పైలిన్ తుఫాను వచ్చేలోగా లక్షలమందిని తరలించింది. ఒకప్పుడు జాలిపడిన రాష్ట్రాన్ని ఇప్పుడు చూసి నేర్చుకోవాల్సి వస్తోంది. గోదావరి ఒడ్డున 1986 తర్వాత ఇన్నేళ్ళకూ మనకున్నది బడి గదులే.

ఇప్పటిదాకా చెప్పింది వరద రోజుల మాట. అసలు ఆలస్యం నీళ్ళు తీశాక మొదలవుతుంది.

నీళ్ళు తీసిన ఇంట్లోకి అడుగుపెడితే ముందు కాలు ఒండ్రులో దిగబడుతుంది. చీలమండ దాకా, కొన్ని ఇళ్ళలో మోకాలి దాకా. ఎండాకాలం ఏరి ఎండబెట్టి బస్తాకెత్తుకున్న ఇప్పపువ్వు పులిసి నల్లబడి ఉంటుంది. బియ్యం మొలకలెత్తి ఉంటాయి. పట్టా పాసుపుస్తకం, ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకం మూడూ ఒకే ప్లాస్టిక్ సంచిలో అతుక్కుపోయి ఉంటాయి. ఇంటి గోడ మాత్రం నిలబడే ఉంటుంది. మట్టిగోడ సంగతి తెలిసినవాళ్ళకు దాని ప్రమాదం తెలుసు. వరదలో అది నానుతుంది. ఎండ కాసిన తర్వాత బీటలు తీసి, పది పదిహేను రోజులకు కూలుతుంది.

సర్వే చేసేవాళ్ళు ఆలోగా వచ్చి పోతారు. ఒక కోయ అవ్వ ఇల్లు అలాగే పోయింది. ఆమె పేరు కూలిన ఇళ్ళ జాబితాలో లేదు, పాక్షికంగా దెబ్బతిన్న వాటిలో ఉంది. ఆమెకు తోడుగా ఒక ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ చెప్పింది ఒకటే, జాబితా పైకి వెళ్ళిపోయింది, ఇక మార్చడం మా చేతుల్లో లేదని. బయటికి వచ్చాక అవ్వ అంది: "వాళ్ళొచ్చిన రోజు గోడ నిలబడే ఉన్నది సారూ. నిలబడ్డదే తప్పయిందా?"

ఆమె అడిగినదానికి డబ్బు రూపంలో జవాబుంది. కేంద్రం 2022-23 నుంచి 2025-26 వరకు నిర్ణయించిన విపత్తు సాయం నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. కొంత దెబ్బతిన్న కచ్చా ఇంటికి 4,000. ఈ రెంటి మధ్య ఉన్నది ఒక్క గోడ, అది కూలిన తేదీ. బట్టలకు 2,500, గిన్నెలకు 2,500 ఇస్తారు. అయితే ఇల్లు కొట్టుకుపోయి గానీ పూర్తిగా కూలి గానీ ఉండాలి, లేదా రెండు రోజులకు మించి నీట మునిగి ఉండాలి. రోజున్నర మునిగిన ఇంట్లో బట్టలు తడవవా? పాడి పశువు పోతే 37,500, మేక పోతే 4,000. పోయిందని పశువైద్యుడు ధ్రువీకరించాలి. గోదాట్లో కొట్టుకుపోయిన బర్రెకు శవం ఎక్కడ దొరుకుతుంది? వానాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000, అదీ మూడో వంతు పంట పోయిందని తేలితేనే. ఆ సాయం పట్టాదారు పేరున లెక్క కడతారు. కౌలుకు పత్తి వేసి, విత్తనాలు అప్పు తెచ్చి, వరద పాలైన మనిషి ఏ కాగితంలోనూ కనబడడు. అడవి లోపలి గుత్తికోయ గూడేల్లో రేషన్ కార్డే లేని కుటుంబాలు ఉన్నాయి. లెక్కలో లేనివాడికి నష్టం ఎక్కడిది అన్నట్టుంటుంది వ్యవహారం.

నిబంధనలు ఉండకూడదని అనను. ప్రజల డబ్బు, లెక్క ఉండాలి. నా కోపమంతా ఎక్కడంటే, ఈ లెక్కను ఊళ్ళో నిలబడి సరిచేసే మనిషిని లేకుండా చేశాం. 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దు చేసింది. వాళ్ళలో అవినీతి ఉందని కారణం చెప్పారు. అవినీతి ఉన్న మాట నిజం, నేను కాదనను. కానీ ఆ కుర్చీ ఖాళీ అయ్యాక రెండేళ్ళు తిరక్కుండానే 2022 వరద వచ్చింది. ఊళ్ళో మిగిలిన గ్రామ రెవెన్యూ సహాయకులు జూలై 25 నుంచి రాష్ట్రమంతటా సమ్మెలోకి వెళ్ళారు. వాళ్ళ డిమాండ్లు వాళ్ళవి, ఎప్పుడో తీర్చాల్సినవి. సమ్మె అక్టోబరు దాకా నడిచింది. అంటే ముంపు ఇళ్ళ గోడలు ఒక్కొక్కటే కూలుతున్న వారాల్లో, ఏ ఇల్లు ఎవరిదో ముఖం చూసి చెప్పగల ప్రభుత్వ మనిషి ఊళ్ళో లేడు. ఇతర శాఖల సిబ్బంది సర్వేలు చేశారు. ఊరు తెలియనివాళ్ళు ఊరిని ఎంత చూడగలరో అంతే చూశారు.

2024కు వద్దాం. ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు విరుచుకుపడింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది గంటల తరబడి చిక్కుకుపోయారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు. చివరికి హర్యానా నుంచి పొట్టకూటికి వచ్చిన ఒక డ్రైవరు జేసీబీ తోలుకుంటూ వంతెన మీదికి వెళ్ళి వాళ్ళను తీసుకొచ్చాడు. పాలేరు దగ్గర ఇంటి మీదికెక్కి సాయం కోసం ఎదురుచూసిన ఒక కుటుంబంలో భార్యాభర్తలు కొట్టుకుపోయారు, కొడుకు దక్కాడు. జేసీబీ డ్రైవరు ధైర్యాన్ని రాష్ట్రమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. ఒక జిల్లా కేంద్రంలో, ఆ పని చేయడానికి సన్నద్ధమైన బృందం దగ్గర్లో ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం ఆ మెప్పులో కలిసిపోకూడదు. ఆ ఏడాది ఊళ్ళలో మరో లోటు ఉంది. సర్పంచుల పదవీకాలం ఆ ఏడు ఫిబ్రవరి మొదటికే ముగిసింది. ఎన్నికలు 2025 డిసెంబరు దాకా జరగలేదు. పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతుల్లో, ఒక్కో అధికారి చేతిలో ఇంకా నాలుగు పనులతో పాటు నడిచాయి.

2022లో ఊళ్ళో రెవెన్యూ మనిషి లేడు. 2024లో సర్పంచి లేడు. గోదావరికీ మున్నేరుకూ ఈ సంగతి తెలియదు కదా.

పైన ఉన్న మెట్లు కూడా చూడండి. విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. దాని ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. అత్యవసరమైతే ట్రెజరీ నుంచి టీఆర్-27 అనే నిబంధన కింద డబ్బు తీసే వీలు కలెక్టరుకుంది. ఆ కింద తహసీల్దారుకు గానీ పంచాయతీకి గానీ సొంతంగా పది బస్తాల బియ్యం కొనే ధైర్యం ఉండదు, రేపు ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలన్న భయం. జిల్లా నివేదిక రాష్ట్రానికి పోవాలి. రాష్ట్రం వినతిపత్రం ఢిల్లీకి పోవాలి. అక్కడి నుంచి కేంద్ర బృందం వచ్చి చూడాలి. అది వచ్చేసరికి నీళ్ళు పోయి ఉంటాయి, ఫోటోలు చూపించాలి. ఆ తర్వాత కమిటీ, ఆపైన మరో కమిటీ. 2024 వరదకు రాష్ట్రం పదివేల కోట్లకు పైగా నష్టమని లెక్క చెప్పింది. కేంద్రం నెల తర్వాత, అక్టోబరు 1న, 416.80 కోట్లు విడుదల చేసింది. తక్కువా ఎక్కువా అని ప్రభుత్వాలు వాదించుకున్నాయి. ఒండ్రు ఎత్తిపోసుకున్నవాళ్ళు మాత్రం చేబదులు తెచ్చుకుని పార కొనుక్కున్నారు.

మా దగ్గర రాష్ట్రాల గీత ఇంకో తలనొప్పి. 2014లో పోలవరం ముంపు పేరున ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న ఊళ్ళు అటు వెళ్ళాయి. మేం మా నియోజకవర్గ కేంద్రానికి పోవాలన్నా ఎటపాక మండలం ఊళ్ళ మీదుగా, అంటే పక్క రాష్ట్రం మీదుగా పోవాలి. 2022 వరదలో తెలంగాణ ప్రభుత్వం ముంపు కుటుంబానికి 10,000 రూపాయలు, 20 కిలోల బియ్యం అంది. ఆంధ్రప్రదేశ్ 2,000 అంది. ముంచింది ఒకే గోదావరి. ఒకే మేనమామ పిల్లలు గీతకు ఇటొకరు, అటొకరు ఉన్నారు. ఎటపాక, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వాళ్ళకు ఆ ఏడు ఏప్రిల్లోనే కొత్త జిల్లా వచ్చింది, ఆ వరద నాటికి వాళ్ళ జిల్లా కేంద్రం పాడేరు. ఎటపాక నుంచి రెండు వందల కిలోమీటర్లు దాటిన దూరం. శబరి ఎగదన్ని కూనవరం మునిగినప్పుడు ఆ కలెక్టరు ఏ దారిన రావాలి? వరద తగ్గీ తగ్గకముందే పోలవరం ఎత్తు మీద రెండు రాష్ట్రాల మంత్రులు మాటలు రువ్వుకున్నారు. పోలవరం వెనక నీటి ప్రభావం ఎంతో నిపుణులు తేల్చాల్సిందే, మాకూ భయం ఉంది. ఆ మాటల యుద్ధం జరిగిన వారంలో మా జనం ఇంకా బడి గదుల్లోనే ఉన్నారు.

2022 జూలై 17న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు భద్రాచలం వచ్చారు. గోదారమ్మకు పూజ చేశారు. ముంపు బాధితులకు ఎత్తైన చోట శాశ్వత కాలనీ కట్టిస్తామన్నారు. అందుకు, కరకట్టల పనులకు కలిపి 1,000 కోట్లన్నారు. మేఘాల విస్ఫోటనాల వెనక విదేశాల కుట్ర ఉందేమోనని ఆయన అన్న మాట దేశమంతా చర్చ అయింది. మేం చెవి ఒగ్గి విన్నది కాలనీ మాట. పదివేల సాయం చాలా కుటుంబాలకు అందింది, ఆ మేరకు మేలే. మరుసటి ఏడు జూలైలో గోదావరి మళ్ళీ 53 దాటి 56 అడుగులకు వచ్చింది. కాలనీ లేదు. అవే కుటుంబాలు మూటలు కట్టుకుని అవే కేంద్రాలకు నడిచాయి. ఆ డిసెంబరులో ప్రభుత్వం మారింది. మాట ఇచ్చింది పాత ప్రభుత్వమే కావచ్చు. విన్నది ప్రజలు, ప్రజలు మారలేదు.

ఇంత చెప్పాక ఒక మంచి సంగతి చెప్పాలి, నా వాదనకు బలం అందులోనే ఉంది. మా ఏజెన్సీలో వానాకాలం వరదల ముందు ప్రసవం దగ్గరపడిన గర్భిణులను ముందుగానే ఆసుపత్రికి చేరుస్తారు. గూడెంలో ఆశా కార్యకర్త దగ్గర పేర్ల పట్టీ ఉంటుంది. ఎవరికి ఏ నెల, ఎవరికి రక్తం తక్కువ, ఎవరి ఇల్లు వాగు అవతల ఉందో ఆమెకు తెలుసు. ఆమె చెబితే ఏఎన్ఎం వింటుంది, బండి వస్తుంది. ఎవరి అనుమతి కోసమూ ఆమె ఎదురుచూడదు. నీళ్ళు రాకముందే ఆ తల్లి భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో మంచం మీద ఉంటుంది. లోపాలు లేవని కాదు, ఇంకా జోలెలో మోసుకొచ్చే రోజులు పోలేదు. కానీ పని జరుగుతోంది. ఇదే ప్రభుత్వం, ఇదే అడవి, ఇదే రోడ్డు. తేడా ఎక్కడుంది? ఊళ్ళో ఉండే మనిషి చేతిలో పేర్ల పట్టీ ఉంది, చెప్పే హక్కు ఉంది.

గర్భిణికి చేస్తున్నది ముంపు ఇంటికి ఎందుకు చేయలేం? నది ఒడ్డు ప్రతి పంచాయతీలో ఒక ముంపు రిజిస్టరు ఉండాలి. ఏ ఇల్లు ఏ మట్టానికి మునుగుతుంది, ఇంట్లో ఎంతమంది, మంచంలో ఉన్న ముసలివాళ్ళు ఎవరు, కౌలు రైతు ఎవరు, ఎన్ని పశువులు, గోడ మట్టిదా ఇటుకదా. ఇవన్నీ ఎండాకాలంలోనే, తీరిగ్గా, గ్రామసభలో అందరి ముందు రాసుకోవాలి. అప్పుడు నీళ్ళు తీశాక సర్వే కొత్తగా మొదలవదు, రాసుకున్నదాన్ని సరిచూసుకుంటే చాలు. గోడ తర్వాత కూలితే నెలరోజుల్లోపు మళ్ళీ నమోదు చేసే వీలుండాలి. జూన్ మొదటి వారానికే బియ్యం, కిరసనాయిలు దీపాలకు బదులు చార్జింగు లైట్లు, క్లోరిన్ బిళ్ళలు, ఓఆర్ఎస్ పొట్లాలు ఊరి ఎత్తు మీద ఉన్న గదిలో ఉండాలి. గదికి తాళం చెవి ఊళ్ళోనే ఉండాలి. పడవలవాళ్ళతో ముందే ఒప్పందం రాసుకుని, వరద రోజుల కూలి ఎంతో తేల్చుకోవాలి. పోయినసారి వాళ్ళు తిప్పిన పడవలకు డీజిలు డబ్బు కూడా అడగడానికి మొహమాటపడ్డారు, అది మనకు సిగ్గుచేటు.

రేడియో వాళ్ళకు కూడా ఒక మనవి. వరద రోజుల్లో భద్రాచలం మట్టంతో పాటు పేరూరు, ఏటూరునాగారం మట్టాలు కూడా చదవండి. టవర్లు పడిపోయిన ఊళ్ళో చిన్న ట్రాన్సిస్టరే దిక్కు. ఎగువ లెక్క మాకు దొరికితే, పశువులను తోలుకునే వేళ దొరికినట్టే. చదివేది తెలుగుతో పాటు కోయ భాషలో కూడా చదివితే, గూడెంలో అవ్వకు మనవడు వచ్చి చెప్పేదాకా ఆగే పని ఉండదు.

మాది షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 పెసా చట్టం ఇక్కడి గ్రామసభకు మిగతా చోట్ల లేని బలం ఇచ్చింది. ఇప్పుడు ఊళ్ళలో మళ్ళీ సర్పంచులు ఉన్నారు. 2025లో గ్రామ పాలనాధికారులను కూడా నియమించారు. ఖాళీ కుర్చీలు నిండాయి, ఇక ఆ కుర్చీలకు అధికారం కావాలి. గోదావరి ఒడ్డున ఉన్న పంచాయతీల పెద్దలకు, వార్డు సభ్యులకు, సంఘాల అక్కచెల్లెళ్ళకు నేను అడిగేది ఇది. జూన్ లోపు మీ గ్రామసభ పెట్టండి. ముంపు రిజిస్టరు తీర్మానం చేసి, సంతకాలతో ఒక ప్రతి తహసీల్దారుకు, ఒకటి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు, ఒకటి కలెక్టరుకు పంపి రసీదు తీసుకోండి. నీళ్ళొచ్చిన రాత్రి మీ ఊళ్ళో పడవ పిలిచే అధికారం, గది తాళం తీసే అధికారం, బియ్యం పంచే అధికారం ఎవరిదో పేరుతో సహా రాతపూర్వకంగా జవాబు ఇవ్వమనండి. జవాబు రాకపోతే మళ్ళీ అడగండి, వచ్చేదాకా అడగండి.